బీరువాలో పెళ్లి సీడీ... ఆడించేదెలా?

పలాస నుంచి కవిటి దాకా, టెక్కలి నుంచి బారువ తీరం దాకా చాలా ఇళ్లలో బీరువా తెరిస్తే పట్టుచీరల అడుగున ఒక సీడీ కవరు కనిపిస్తుంది. పైన కొత్త దంపతుల ఫొటో, చుట్టూ గులాబీల డిజైను, కింద వీడియో తీసిన స్టూడియో పేరు, ఫోన్ నంబరు. ఆ నంబరుకు ఇప్పుడు చేస్తే ఎవరూ ఎత్తరు. స్టూడియోల వాళ్లు ఎప్పుడో పెన్‌డ్రైవులకు, యూట్యూబు లింకులకు మారిపోయారు. ఆ పెళ్లికూతురికి ఇప్పుడు బడికెళ్లే పిల్లలు. వాళ్లు ‘అమ్మా, నీ పెళ్లి చూపించవే’ అని పట్టుబట్టినప్పుడు గానీ గుర్తుకు రాదు, గోడ మీద నలభై మూడంగుళాల టీవీ ఉంది కానీ సీడీ పెట్టే యంత్రం ఇంట్లో లేదని. పాతది అటక మీద ఉండాలి. దించి చూస్తే ట్రే బయటికి రాదు.

అలా మొదలవుతుంది వెతుకులాట. కాశీబుగ్గ బజారులోనో టెక్కలిలోనో సీడీ ప్లేయర్ కావాలని అడిగితే కొట్టువాడు ముందు మీ మొహం కేసి చూస్తాడు. ‘ఈ రోజుల్లో ఎవరు కొంటున్నార్సార్’ అంటూనే లోపలికెళ్లి, దుమ్ము దులుపుకుంటూ ఒకటో రెండో పెట్టెలు తెస్తాడు. పేరెప్పుడూ విని ఉండని కంపెనీ. అట్టపెట్టె మీద మాత్రం లేని గొప్ప లేదు. రెండు మూడు వేల రూపాయల వస్తువు. పోతే పోయిందిలే అనుకునేంత చిన్న మొత్తం కాదు. జీడి బట్టీలో పప్పు ఒలిచి సంపాదించే ఇంట్లో అసలే కాదు.

ఈ వస్తువు అందరికీ అక్కర్లేదు. ఇంట్లో సీడీలు లేకపోతే, కొత్తగా సినిమాలు కొని చూద్దామనుకుంటే ఆ డబ్బు దాచుకోండి. సినిమా ఇప్పుడు ఫోన్లో ఉంది, టీవీలో ఉంది. కానీ ఈ ఉద్దానం ప్రాంతపు ఇళ్లలో ఉన్నవి సినిమాలొక్కటే కాదు. పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, ఊరమ్మవారి సంబరాలు, రాత్రంతా సాగిన పద్య నాటకాలు, జముకుల కథలు, తప్పెటగుళ్లు. హరిశ్చంద్రుడి వేషం కట్టిన తాత ఇప్పుడు లేడు, ఆయన పాడిన పద్యం ఆ సీడీలోనే ఉంది. అది యూట్యూబులో దొరకదు. ప్లేయర్ కొనాల్సింది ఇలాంటి ఇళ్ల వాళ్లే. వాళ్లు చూసుకోవాల్సినవి అట్టపెట్టె మీద రాసి ఉండవు.

ముందు సీడీ చూపించండి

కాశీబుగ్గలో పాత మెకానిక్ ఎవరినైనా అడగండి, ఇదే మాట వస్తుంది: ‘బాబూ, ముందు మీ సీడీ ఏటో సూపించండి. మిషను సంగతి తరవాత సూద్దాం.’

సీడీ వెనక్కి తిప్పితే సగం సంగతి తెలిసిపోతుంది. అద్దంలా వెండిరంగులో ఉంటే అది ఫ్యాక్టరీలో అచ్చొత్తిన సినిమా. ఊదారంగు ఉంటే స్టూడియో వాళ్లు కంప్యూటర్లో రాసిచ్చిన డీవీడీ. లేత ఆకుపచ్చగానో నీలంగానో ఉంటే కంప్యూటర్లో రాసిన మామూలు సీడీ. అందులో పాటలైనా ఉండాలి, వీసీడీ పద్ధతిలో ఎక్కించిన వీడియో అయినా ఉండాలి. 2000ల మొదట్లో జరిగిన పెళ్లిళ్లు చాలావరకు వీసీడీలే, ఆ తర్వాతవి డీవీడీలు.

తేడా ఎంతో లెక్క చెబితే అర్థమవుతుంది. వీసీడీలో ఒక్కో దృశ్యం 352 అడ్డం, 288 నిలువు చుక్కలతో ఉంటుంది. అంటే సుమారు లక్ష చుక్కలు. డీవీడీలో 720, 576. నాలుగు లక్షల పైచిలుకు. మీ గోడ మీదున్న ఫుల్ హెచ్‌డీ టీవీకి ఇరవై లక్షల చుక్కలు కావాలి. లక్ష చుక్కల బొమ్మను ఇరవై లక్షల తెర మీద పరిస్తే మొహాలు గళ్లుగళ్లుగా కనిపించక ఏమవుతాయి? దానికి ప్లేయర్‌ను తిట్టుకోవద్దు. వీసీడీ చూసేటప్పుడు కాస్త దూరంగా కూర్చోండి. ఇంతకుమించిన ఉపాయం ఏ కంపెనీ దగ్గరా లేదు, ‘1080కి పెంచుతాం’ అని అట్టపెట్టె మీద ఎంత పెద్ద అక్షరాలతో రాసుకున్నా సరే. యంత్రం చుక్కలను పెంచగలదు, కెమెరా పట్టుకోని వివరాన్ని తేలేదు.

వీసీడీలో పట్టేది 74 నిమిషాలు, మహా అయితే 80. అందుకే ‘లవకుశ’ (1963) లాంటి మూడున్నర గంటల సినిమా మూడు సీడీల్లో వచ్చేది. ‘దానవీరశూరకర్ణ’ (1977) అయితే నాలుగు గంటలకు దగ్గర. ఎన్టీఆర్ పౌరాణికాలకు ఈ ప్రాంతంలో గిరాకీ ఎప్పుడూ తగ్గలేదు. 1994 ఎన్నికల్లో ఆయన హిందూపురంతోపాటు టెక్కలిలోనూ నిలబడి రెండుచోట్లా గెలిచారు, తర్వాత టెక్కలిని వదులుకున్నారు. సీటు వదిలినా సీడీలు వదల్లేదు జనం.

సినిమా సీడీలు గుట్టలుగా పోగుపడింది 2007 తర్వాత. అంతకుముందు రోజుకింతని అద్దెకు తెచ్చుకునేవాళ్లే ఎక్కువ. మోజర్ బేర్ అనే కంపెనీ ఆ ఏడాది వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టింది. తెలుగు సినిమాలూ ఆ ధరకే వచ్చాయి. టీ, టిఫిన్ ఖర్చుకు సినిమా సొంతమయ్యాక అద్దె ఎవరు కడతారు? పైరసీ వాళ్లతో ధరలోనే తలపడిన ఆ కంపెనీ చివరికి అప్పుల్లో మునిగింది. 2018 సెప్టెంబరులో దాని ఆస్తులు అమ్మి బాకీలు తీర్చాలన్న ఉత్తర్వు వచ్చింది. ఆ 34 రూపాయల డీవీడీలు మాత్రం చాలా ఇళ్లలో ఇప్పటికీ శుభ్రంగా ఆడుతున్నాయి. అచ్చొత్తిన సీడీలో సమాచారం గుంటలుగా ఉంటుంది, సులువుగా చెరగదు.

ముందు పాడయ్యేది పెళ్లి సీడీయే. కంప్యూటర్లో రాసిన సీడీలో ఒక రంగు పొర ఉంటుంది. లేజరు ఆ రంగును మార్చి సమాచారం రాస్తుంది. ఎండకు, ఉక్కకు ఆ రంగు వెలుస్తుంది. రేకుల ఇంట్లో, సముద్రపు తేమలో, బీరువాలో పెట్టినంత మాత్రాన అది క్షేమంగా ఉండదు. సీడీ మీద రాత లోపలి అంచు నుంచి మొదలై బయటి అంచుకు వెళ్తుంది. వేళ్లు తగిలేదీ, గీతలు పడేదీ బయటి అంచునే. అందుకే చాలా పెళ్లి సీడీలు స్నాతకం, జీలకర్ర బెల్లం, తలంబ్రాల దాకా బాగా నడిచి సరిగ్గా అప్పగింతల దగ్గర ఆగిపోతాయి. ఆ ఇంటి ఆడవాళ్లు చూడాలనుకునేదే అది.

టీవీ వెనకాల

ప్లేయర్ కొనడానికి వెళ్లేముందు ఒకసారి టీవీ వెనక్కి వంగి, ఫోన్‌తో ఫొటో తీసుకుని వెళ్లండి. పసుపు, ఎరుపు, తెలుపు రంధ్రాలు మూడూ ఉంటే చింత లేదు. కొన్ని టీవీల్లో పసుపు విడిగా ఉండదు, ఆకుపచ్చ రంధ్రానికే పసుపు అంచు ఉంటుంది. పసుపు తీగ అందులోనే గుచ్చాలి. ఇంకొన్నిటికి ఇయర్‌ఫోను పిన్ను పట్టేలాంటి ఒకే ఒక్క రంధ్రం ఉంటుంది. దానికి సరిపోయే చిన్న తీగ టీవీ కొన్నప్పుడే పెట్టెలో ఇస్తారు, మనం చూడకుండా పెట్టెతోపాటు పారేస్తాం. బజారులో దొరికే తీగల్లో పిన్ను మీద గీతల వరస తేడాగా ఉంటుంది, బొమ్మ రావాల్సిన చోట గరగర వస్తుంది. తీగ కొట్లోనే గుచ్చి చూడాలి.

ఈ రంధ్రాలేవీ లేకుండా హెచ్‌డీఎంఐ మాత్రమే ఉన్న టీవీలూ వస్తున్నాయి. కేబుల్ అంతా డిజిటల్ అయ్యాక ఉన్న ఒక హెచ్‌డీఎంఐని సెట్‌టాప్ బాక్సు పట్టుకు కూర్చుంది. రెండోది ఖాళీగా ఉందో లేదో చూసుకోండి. ఉంటే హెచ్‌డీఎంఐ ఉన్న ప్లేయర్ తీసుకోవడం మేలు. పాత ప్లేయర్ బాగానే ఉండి తీగ ఒక్కటే కుదరకపోతే, మూడు రంగుల తీగల్ని హెచ్‌డీఎంఐగా మార్చే చిన్న డబ్బా కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. కొత్త ప్లేయర్ కంటే అదే చవక. అది కొట్టువాడు తనంతట తాను చెప్పడు.

యూఎస్‌బీ ఉందని ఎక్కువ ధర పెట్టొద్దు. టీవీకే యూఎస్‌బీ ఉంటుంది, ఫోన్లో తీసిన వీడియోలు అది బాగానే ఆడిస్తుంది. చవక ప్లేయర్లలో చాలావాటికి పాతకాలపు ఫైళ్లు తప్ప అర్థం కావు.

పెసరగింజంత కన్ను

అటక మీది ప్లేయర్‌ను పారేసేముందు ఒకసారి మెకానిక్ బల్ల మీద పెట్టించండి. ఆయన నాలుగు స్క్రూలు విప్పి పై రేకు తీస్తాడు. లోపల ముందు కనిపించేది ఒట్టి ఖాళీ. అంత పెద్ద డబ్బాలో ఒక మూల కరెంటు బోర్డు, ఒక మూల అరచేయంత చిప్పు బోర్డు, మధ్యలో ట్రే. ట్రే కింద రెండు ఉక్కు కడ్డీల మీద అటూ ఇటూ జరిగే చిన్న బండి. బండి మీద పెసరగింజంత గాజు బొట్టు, నీలిమెరుపుతో. దాన్నే అందరూ లెన్సు అంటారు. ప్లేయర్ ప్రాణమంతా అక్కడే.

ఆ ఒక్క గాజు వెనక రెండు లేజర్లుంటాయి. సీడీ, వీసీడీ చదవడానికి ఒకటి, డీవీడీకి ఒకటి. మొదటిది 780 నానోమీటర్ల వెలుగు, కంటికి కనిపించదు. రెండోది 650, ఎర్రగా కనిపిస్తుంది (అలాగని తొంగి చూడొద్దు). డీవీడీలో గీతలు మరీ దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి దానికి సన్నటి వెలుగు కావాలి. ‘వీసీడీలు ఆడతన్నాయి గానీ డీవీడీ పెడితే నో డిస్క్ అంటంది’ అని ఇంట్లో తలలు పట్టుకునేది ఇందుకే. రెంటిలో ఒక లేజరు అలిసిపోయింది, రెండోది ఇంకా ఓపికగా ఉంది. తుడిస్తే పోయే జబ్బు కాదది. లెన్సు మార్చాలి.

అసలు విశేషం ఇక్కడుంది. పేర్లు ఎన్నున్నా చవక ప్లేయర్ల లోపలి సరుకు నాలుగైదు రకాలే. లెన్సులు ఎక్కువగా శాన్యో వాళ్ల హెచ్‌డీ 62, 65, లేదంటే సోనీ వాళ్ల 313. చిప్పు చాలావాటిలో మీడియాటెక్ 1389. డబ్బా మీద ఏ పేరున్నా లోపల వాళ్లే. అందుకని కంపెనీ పేరు కంటే లెన్సు నంబరు ముఖ్యం. కొనే ముందు మీ ఊరికి దగ్గర్లో ఉన్న మెకానిక్‌ను ‘నీ దగ్గర ఏ లెన్సు దొరుకుతుంది?’ అని అడిగి, అది పట్టే ప్లేయర్ తీసుకోండి. వారంటీ కాగితం పట్టుకుని శ్రీకాకుళమో విశాఖో తిరిగితే బస్సు చార్జీలకే సగం ధర పోతుంది. కాశీబుగ్గలో బాగయ్యే చవక ప్లేయర్ విశాఖలో బాగయ్యే మంచి కంపెనీ ప్లేయర్ కంటే మేలు. ఈ ఒక్క విషయంలో నాకు రెండో మాట లేదు.

కొత్త లెన్సు మార్చడంలో ఒక చిన్న మెలిక ఉంది, చూడముచ్చటగా ఉంటుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చే లెన్సు బోర్డు మీద ఆవగింజంత సీసపు బొట్టు రెండు చుక్కల్ని కలుపుతూ అతికి ఉంటుంది. మన ఒంట్లో పుట్టే స్టాటిక్ కరెంటు తగిలి లేజరు మాడిపోకుండా అది కాపలా. రిబ్బను తీగ గుచ్చాక, మెకానిక్ సాల్డరింగు మొన తగిలించి ఆ బొట్టును కరిగించి తీసెయ్యాలి. మరిచిపోతే కొత్త లెన్సు కూడా ‘నో డిస్క్’ అనే అంటుంది. చెయ్యి తిరిగినవాడు మాట్లాడుతూనే ఆ పని కానిచ్చేస్తాడు. కొత్త కుర్రాడైతే ‘లెన్సే డూప్లికేటండీ’ అని మీకే చెబుతాడు.

అన్నిసార్లూ లెన్సు దాకా వెళ్లక్కర్లేదు. ట్రే సగం వచ్చి వెనక్కి పోతోందంటే లోపల రబ్బరు బెల్టు సాగింది. వేడినీళ్లలో ముంచి తీస్తే కొన్నాళ్లు పట్టు వస్తుంది, కొత్తదేసుకున్నా పెద్ద ఖర్చేం కాదు. బండి నడిచే కడ్డీల మీద గ్రీజు ఇసుకతో కలిసి గట్టిపడి ఉంటుంది. ఉద్దానం ఇసుక నేలలో కిటికీ తీస్తే లోపలికి రానిదేముంది? వెనక రంధ్రాల్లో ఉప్పుగాలికి చిలుం పడుతుంది, బొమ్మ వచ్చిపోతూ ఉంటుంది. నౌపడ ఉప్పు మడుల వైపు ఇళ్లలో ఇది మామూలే. తీగ పీకి, రెండు మూడుసార్లు తిప్పి గుచ్చితే చాలాసార్లు సరిపోతుంది. కరెంటు బోర్డు మీద బల్లి పడి మాడిన ప్లేయర్లకైతే లెక్కే లేదు. ఆడనప్పుడు స్విచ్చి కట్టి గుడ్డ కప్పండి; ఆడేటప్పుడు గుడ్డ తీసెయ్యండి. సెట్‌టాప్ బాక్సు నెత్తిన మాత్రం పెట్టొద్దు, ఆ వేడికి రెండూ చెడతాయి.

కొత్తదా, పాతదా

ఒకప్పుడు ఇళ్లలో కనిపించిన సోనీ, ఫిలిప్స్, ఎల్‌జీ ప్లేయర్లు కొత్తవి దొరకడం కష్టమవుతోంది. ప్రపంచమంతటా సీడీ మూట సర్దుకుంటోంది. అమెరికాలో పోస్టులో డీవీడీలు పంపే పనితోనే పుట్టిన నెట్‌ఫ్లిక్స్ 2023 సెప్టెంబరు 29తో ఆ పని ఆపేసింది. అందువల్ల కాశీబుగ్గ కొట్లో ఉన్నదేదో దాంట్లోనే ఎంచుకోవాలి, లేదా ఆన్‌లైన్లో తెప్పించుకోవాలి.

మెకానిక్ దగ్గర బాగుచేసి పెట్టిన పాత కంపెనీ ప్లేయర్ దొరికితే, ఆయన కొత్త లెన్సు వేశానని చెప్పి నెలో రెండు నెలలో మాట ఇస్తే, పేరులేని కొత్తదాని కంటే దాన్నే తీసుకుంటాను. పాతవాటి డబ్బా బరువుగా ఉంటుంది, ట్రే ఊగదు. కొత్త చవకవాటిలో ట్రే మీద వేలు పెడితే వంగిపోతుంది. ప్రభుత్వ నాణ్యతా గుర్తు ఉందా అని అడిగేవాళ్లుంటారు. ఎలక్ట్రానిక్ వస్తువులకు 2013లో తప్పనిసరి చేసిన తొలి జాబితాలో డిస్క్ ప్లేయర్లు ఉన్నాయి గానీ, 200 వాట్లూ ఆపైన లాగే ఆంప్లిఫయర్ లోపలే ఉన్నవి మాత్రమే. మన ప్లేయర్ లాగేది పది పదిహేను వాట్లు. కాబట్టి ఆ గుర్తు కోసం వెతికే బదులు ప్లగ్గు తీగ లావుగా ఉందా, కాసేపు ఆడాక రేకు మరీ కాలుతోందా అని చెయ్యి పెట్టి చూసుకోవడమే దారి.

బ్లూరే ప్లేయర్ ఎవరైనా చవగ్గా ఇస్తానంటే ఆగండి. అది డీవీడీ ఆడిస్తుంది కానీ చాలా బ్లూరేలు వీసీడీని చదవవు. మీ ఇంట్లో ఉన్నవి వీసీడీలైతే అది గోడకు వేలాడదీసుకోవడానికే. అయిదు స్పీకర్ల హోమ్ థియేటర్ సెట్టు పాతది దొరికితే పాటల కోసం కొనుక్కోండి. పెళ్లి సీడీ కోసమైతే వద్దు.

గల్ఫ్ సూట్‌కేసులో వస్తే

కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు గల్ఫ్ వలస ఉన్న ఇళ్లలో ప్లేయర్ కొనే పనే ఉండేది కాదు, బావగారు తెచ్చేవారు. ఇప్పటికీ అలాంటి పాత ప్లేయర్లు చాలా ఉన్నాయి. వాటిని వాడేముందు వెనక స్టిక్కరు చదవండి. 100–240 వోల్టులు అని ఉంటే ఎక్కడైనా నడుస్తుంది. అమెరికా నుంచి అల్లుడు తెచ్చినదాని మీద 120 వోల్టులు అని మాత్రమే ఉంటే నేరుగా గుచ్చొద్దు, ఢాం అంటుంది. సౌదీలో కూడా ఒకప్పుడు 127 వోల్టుల కరెంటు ఉండేది, అప్పటి వస్తువులకూ ఇదే జాగ్రత్త.

ప్రాంతాల తాళం గురించి భయపెడతారు కొందరు. డీవీడీ కంపెనీలు ప్రపంచాన్ని ముక్కలుగా పంచుకుని ఒక్కో ముక్కకు ఒక అంకె ఇచ్చిన మాట నిజమే. మనది 5, గల్ఫ్ దేశాలది 2, అమెరికాది 1. గల్ఫ్ ప్లేయర్లో మన సీడీ ఆడదా మరి? స్టూడియోవాడు రాసిచ్చిన పెళ్లి సీడీకి ఏ తాళమూ ఉండదు, వీసీడీకి అసలు ఆ పద్ధతే లేదు, తెలుగు సినిమా డీవీడీలు చాలావరకు అన్ని ప్రాంతాలకూ పనికొచ్చేలా వచ్చాయి. దుబాయ్‌లో కొన్న పిల్లల కార్టూను సినిమాకు మాత్రం మన ప్లేయర్లో చిక్కు రావచ్చు. మందస, ఇచ్ఛాపురం వాళ్లు బరంపురంలో కొనుక్కున్న ఒడియా సీడీలకు ఈ బాధ లేదు.

రిమోట్ ఎవరి చేతిలో ఉంటుంది?

‘ఫోన్లో బొమ్మ సిన్నది బాబూ, మా కంటికి ఆనదు. గుంటలు ఎక్కడెక్కడో నొక్కీసి ఏటేటో ఎట్టేత్తారు.’ ఈ మాట ఉద్దానంలో ఏ అరుగు మీద కూర్చున్నా వినొచ్చు. ప్లేయర్ అసలు లబ్ధిదారు ఇంట్లో పెద్దవాళ్లు. పిల్లలు చెన్నైలోనో వీరావల్ బోట్ల మీదో ఉంటారు. కిడ్నీ జబ్బు పట్టిన ఇళ్లు ఈ ప్రాంతంలో ఎన్నో ఉన్నాయి. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరు 14న మొదలైంది. ఒక్కో డయాలసిస్‌కు నాలుగు గంటలు పడుతుంది, వారానికి రెండు మూడుసార్లు. మిగతా రోజుల్లో నీరసంతో మంచం మీదే పొద్దు గడిపే మనిషికి, మెనూలూ ప్రకటనలూ లేకుండా సీడీ పెడితే నేరుగా ‘మాయాబజార్’ మొదలయ్యే యంత్రం చిన్న సుఖం కాదు.

వాళ్లకోసం కొనేటప్పుడు రిమోట్ చూడండి. చవక ప్లేయర్ల రిమోట్‌లో నలభై బొత్తాలుంటాయి, అందులో రెండు చేసే అల్లరి ఇంతా అంతా కాదు. ‘పీ/ఎన్’ అని ఒకటి: చెయ్యి తగిలితే రంగుల బొమ్మ తెలుపు నలుపు అయిపోతుంది, లేదా మీదకీ కిందకీ దొర్లుతుంది. ‘వీ-మోడ్’ అని ఇంకోటి: తెరంతా నల్లబడుతుంది. ‘సెట్టు పోయింది’ అని ప్లేయర్‌ను సంచిలో పెట్టుకుని బస్సెక్కిన వాళ్లున్నారు. అదే బొత్తాన్ని మళ్లీ మళ్లీ, బొమ్మ వచ్చేదాకా, కాస్త ఆగి ఆగి నొక్కాలి. బాగయ్యాక ఆ రెండు బొత్తాల మీద నల్ల టేపు అతికించండి. పెళ్లికూతురు అడ్డంగా సాగి బొద్దుగా కనిపిస్తోందంటే అది టీవీ పని. పాత వీడియోలు చదరానికి దగ్గరగా ఉండే తెరకోసం తీసినవి. టీవీ రిమోట్‌లో బొమ్మ సైజును 4:3కి మార్చండి. పక్కల నల్లగా ఉంటుంది, మనిషి మనిషిలా ఉంటుంది.

కరెంటు పోయి వచ్చాక ఆగిన చోటి నుంచే మొదలుపెట్టే సౌకర్యం కొన్నిటికే ఉంటుంది. మన పల్లెల్లో కరెంటు తీరు తెలిసిందే కాబట్టి, ఆ ఒక్క సౌకర్యానికి పదో పాతికో ఎక్కువైనా పెట్టొచ్చు, నా ఓటు దానికే.

కొట్లో డబ్బులిచ్చే ముందు మీ సొంత సీడీలు రెండు తీసుకెళ్లి పెట్టించండి; ఒకటి వీసీడీ, ఒకటి బాగా గీతలు పడిన పెళ్లి డీవీడీ. కొట్టువాడి కొత్త సినిమా సీడీ ఏ ప్లేయర్లోనైనా ఆడుతుంది, దాంతో తేలేదేమీ లేదు. మొదటి నుంచి చూస్తూ కూర్చోకుండా నేరుగా చివరికి జరిపించండి. అప్పగింతలు ఆడితే ప్లేయర్ గట్టిదే.

ప్లేయర్ కొన్న మర్నాడు

మొదట చెయ్యాల్సింది సినిమా చూడ్డం కాదు, కాపీ తీయించడం. ప్లేయర్ రేపు పోతే ఇంకోటి దొరుకుతుంది. రంగు వెలిసిన సీడీకి మందు లేదు. సీడీ డ్రైవు ఉన్న కంప్యూటరు ఏ నెట్ సెంటర్లోనో, ఫొటో స్టూడియోలోనో ఇంకా ఉంటుంది. డీవీడీలో పట్టేది 4.7 జీబీ, 32 జీబీ పెన్‌డ్రైవులో ఆరు పెళ్లిళ్లు పడతాయి. నిండుగా ఉన్న సీడీ కాపీకి పావుగంట, గీతలుంటే ఇంకా ఎక్కువ. ఒక ప్లేయర్లో ఆగే సీడీ ఒక్కోసారి కంప్యూటర్ డ్రైవులో ఆడుతుంది, కాబట్టి ఆడలేదని అప్పుడే పారెయ్యొద్దు. ఫైలును ఫోన్లో ఆడేలా మార్చడానికి హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, స్టూడియో కుర్రాళ్లకు తెలుసు. ఇది మీ ఇంటి వీడియోలకే. సినిమా సీడీలకు కాపీరైటు ఉంటుంది.

కాపీకి ముందు సీడీని మెత్తటి నూలుగుడ్డతో మధ్య నుంచి బయటికి తుడవాలి, గుండ్రంగా తిప్పుతూ కాదు. గుండ్రంగా తుడిస్తే పడే గీత రాత వెంటే సాగి ఎక్కువ దూరం పాడుచేస్తుంది. పేరు రాసే వైపు ఏం కాదనుకోవద్దు. వీసీడీలో సమాచారం ఉండేది ఆ పై పొర కిందే, పలచటి వార్నిషు చాటున. బాల్‌పెన్నుతో గట్టిగా ‘అప్ప పెళ్లి’ అని రాస్తే ఆ ముద్ర కిందిదాకా దిగుతుంది. డీవీడీకి రెండు వైపులా 0.6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ఉంటుంది, అది కొంత నయం. ఫొటో స్టిక్కరు అతికించి ఉంటే పీకొద్దు, పొర ఊడి వస్తుంది.

కాపీలు రెండు తీయించి ఒకటి ఊళ్లో, రెండోది విశాఖలోనో హైదరాబాదులోనో ఉన్న కూతురి దగ్గర పెట్టండి. ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న వచ్చింది. హుద్‌హుద్ మరుసటేడు అదే రోజున. తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున గంటకు 140–150 కిలోమీటర్ల గాలితో సరిగ్గా పలాస దగ్గరే తీరం దాటి, కొబ్బరి, జీడి తోటలతోపాటు ఇంటి కప్పులూ లేపేసింది. రోజుల తరబడి కరెంటు లేదు. ఈ మూడూ అక్టోబరులోనే వచ్చాయి కాబట్టి, కాపీల పని దసరా దాకా సాగదియ్యకుండా వినాయక చవితికే కానిచ్చుకోండి. సీజను కాని నెల కాబట్టి స్టూడియో కుర్రాడు కూడా ఖాళీగానే ఉంటాడు, రేటు తగ్గిస్తాడు.